ఆదిలాబాద్ డోక్రా

ఆదిలాబాద్ డోక్రా ఉత్తర తెలంగాణలో ఓఝా వృత్తికారులు తరతరాలుగా చేస్తున్న ఇత్తడి పోతపని. ముందుగా మట్టి ముద్దపై తేనెమైనంతో బొమ్మను తీర్చి, దానిపై మరల మట్టి పూత పూస్తారు. ఆ తరువాత వేడిచేసి మైనాన్ని కరిగించి, ఖాళీ అయిన చోట కరిగిన ఇత్తడిని పోస్తారు. ఈ పద్ధతిలో ఒక అచ్చుతో ఒకే ఒక వస్తువు తయారవుతుంది. వస్తువును బయటకు తీయాలంటే అచ్చును పగులగొట్టక తప్పదు. కనుక డోక్రా వస్తువులలో ఏ రెండూ అచ్చంగా ఒకే తీరుగా ఉండవు.

ఈ పనివారు ప్రధానంగా పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని జైనూరు, కెరమెరి పరిసరాలలో ఉన్న ఉషేగాం, కేస్లగూడ వంటి గ్రామాలలో నివసిస్తున్నారు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ గ్రామాలు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చాయి. అయినప్పటికీ కళకు మాత్రం ఆదిలాబాద్ పేరే స్థిరపడింది. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

పేరు వెనుక కథ

డోక్రా అన్నది తెలుగు మాట కాదు, గోండీ మాట కూడా కాదు. బెంగాల్, ఒరిస్సా ప్రాంతాలలో ఊరూరా తిరుగుతూ ఇత్తడి వస్తువులను పోతపోసే 'డోక్రా దామర్' అను సంచార వృత్తికారుల నుండి ఈ పేరు వచ్చింది. తరువాతి కాలంలో మధ్య, తూర్పు భారతదేశంలోని ఇటువంటి పని అంతటికీ అదే పేరు వ్యాపించింది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరులో ఈ పని చేసేవారిని ఘడ్వాలు అంటారు. ఆదిలాబాద్ ప్రాంతంలో వీరు ఓఝాలు, లేక వోజలు.

సంస్కృత శిల్పగ్రంథాలలో ఈ పద్ధతికి 'మధూచ్ఛిష్ట విధానము' అని పేరు. మధువు అనగా తేనె, ఉచ్ఛిష్టము అనగా మిగిలినది. తేనె తీసిన పిమ్మట పట్టులో మిగిలేది మైనమే కనుక ఈ పేరు ఎంతో సార్థకమైనది. తెలుగులో దీనిని మైనపు పోత అనవచ్చును.

ప్రాచీనత

మైనపు పోత మానవుడు నేర్చిన అతి పాత లోహవిద్యలలో ఒకటి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన చిన్న రాగి తాయెత్తు సుమారు 6000 సంవత్సరాల నాటిది. అది ఈ పద్ధతిలోనే తయారైనదని 2016లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. మృతసముద్రం సమీపంలోని నహల్ మిష్మార్ గుహలో 1961లో బయల్పడిన రాగి వస్తువులలోనూ మైనపు పోత పనితనం కానవస్తుంది. మొహెంజొదారోలో 1926లో లభించిన నర్తకి బొమ్మ జగత్ప్రసిద్ధమైనది. సుమారు పదిన్నర సెంటీమీటర్ల ఎత్తు గల ఆ కంచు బొమ్మ నేడు న్యూఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో ఉన్నది. ఆదిలాబాద్ ఓఝాలు నేడు చేసే పనికి మూలసూత్రం దానిలోనే ఉన్నది.

దక్కనులో ఈ విద్యను గ్రంథస్థం చేసినవాడు కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు. పన్నెండవ శతాబ్ది పూర్వార్ధంలో ఆయన పేరిట వెలువడిన 'మానసోల్లాస'ములో మైనంతో విగ్రహాన్ని చేసి, దానిపై మట్టి పొరలు పూసి, మైనాన్ని తూచి అందుకు తగిన లోహాన్ని నిర్ణయించే విధానం వివరింపబడింది. తమిళనాడులోని చోళుల నాటి కంచు విగ్రహాలు కూడా మైనపు పోతలే. అయితే ఆ విగ్రహాలు సాధారణంగా లోపల నిండుగా ఉంటాయి. వాటిని ఘనములు అంటారు. లోపల డొల్లగా ఉండేవి సుషిరములు. డోక్రా వస్తువులు అధికభాగం సుషిరములే. ఖరీదైన లోహాన్ని పొదుపుగా వాడవలసిన వారు ఆ మార్గాన్ని ఎన్నుకోవడం సహజమే.

ఓఝాలు, గోండు సమాజం

ఆదిలాబాద్ కొండప్రాంతంలో రాజగోండుల చుట్టూ అనేక సేవావృత్తులు అల్లుకొని ఉన్నాయి. ప్రధానులు, తోటీలు కథాగాయకులు. ఓఝాలు ఇత్తడి పనివారు. గోండుల దైవమైన పెర్సాపేన్ ఆరాధనలో ఉపయోగించే గంటలు, దీపాలు, దేవతామూర్తులు, దీపావళి ముందు జరిగే దండారి ఉత్సవంలో గుస్సాడీ నర్తకులు ధరించే గజ్జెలు, పశువుల మెడలో కట్టే గంటలు మొదలైనవి ఈ పనితో ముడిపడిన వస్తువులు. ఇవి మొదటినుండి నిత్యజీవితంలో వాడుకకు, పూజకు సంబంధించినవే. గదిని అలంకరించడానికి కొనే నెమళ్ళు, ఏనుగులు, తాబేళ్ళు, వాద్యగాళ్ళ బొమ్మలు తరువాతి కాలపు బజారు కోరినవి.

ఈ భేదం ముఖ్యమైనది. దేవునికి చేయించే గంట ధర, అలమరాలో పెట్టే బొమ్మ ధర ఒకే తీరుగా నిర్ణయం కావు. మొదటిదానిలో చేయించేవానికి, చేసేవానికి మధ్య తరతరాల సంబంధం ఉన్నది. రెండవదానిలో ఉన్నది బేరం మాత్రమే.

కావలసిన వస్తువులు

మట్టి: లోపలి ముద్దకు మెత్తని మట్టిని, పుట్టమన్నును జల్లించి వాడతారు. దానిలో ఊక, పేడ కలుపుతారు. కాల్చినపుడు ఊక, పేడ కాలిపోయి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. లోహం పోసినపుడు లోపలి గాలి, ఆవిరి ఆ రంధ్రాల గుండా బయటికి పోతాయి. నున్నని, గట్టి మట్టి చూడటానికి బాగున్నా పోతకు పనికిరాదు.

మైనం: తేనెమైనం సుమారు 62 నుండి 64 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. చేతి వెచ్చదనానికే అది మెత్తబడి కోరిన తీరుగా వంగుతుంది. వేసవిలో మరీ మెత్తబడకుండా గుగ్గిలం వంటి చెట్టుబంకను దానితో కలిపి కాచి వడబోస్తారు.

లోహం: పాత ఇత్తడి సామాను, విరిగిన కుళాయిలు, బిందెలు మొదలైనవాటిని తూకానికి కొని కరిగిస్తారు. ఇత్తడి అనగా రాగి, యశదముల మిశ్రమం. యశదాన్ని వాడుకలో జింకు అంటాము. కంచు దీనికి భిన్నమైనది. అది రాగి, తగరముల మిశ్రమం.

బొగ్గు, మూస, పట్టకారు, గాలి ఊదే తిత్తి లేదా చేతితో తిప్పే పంకా మిగిలిన సామగ్రి.

తయారీ విధానం

1. లోపలి ముద్ద: చేయదలచిన వస్తువు కంటె కొంచెం చిన్నదిగా మట్టితో ముద్దను తీర్చి, నీడలో ఆరబెడతారు. దీనినే గుండె అనుకోవచ్చును. వస్తువులోని డొల్ల భాగం అంతా ఇదే. గజ్జె చేయునపుడు ఈ ముద్ద నడుమ చిన్న రాయిని గాని ఇనుప గుళికను గాని ముందే పెడతారు. పోత ముగిసిన తరువాత సందులోనుండి మట్టిని గీకివేయగా గుళిక లోపలే ఉండిపోయి మ్రోగుతుంది.

2. మైనపు తీగ: మెత్తబడిన మైనాన్ని సన్నని రంధ్రాలు గల గొట్టంలో పెట్టి నొక్కుతారు. జంతికల గొట్టం నుండి పిండి దిగినట్లు మైనం తీగలుగా దిగుతుంది. ఈ తీగలను మట్టి ముద్ద చుట్టూ ఒకదాని ప్రక్కన ఒకటి చుడతారు. డోక్రా వస్తువులపై కనిపించే గీతల అల్లికకు కారణం ఇదే. కళ్ళు, ముక్కు, నగలు, ఈకలు మొదలైనవి ఇదే తీగను మెలిపెట్టి, చుట్టలు చుట్టి అతికిస్తారు.

3. దారులు: లోహం లోపలికి పోవడానికి ఒక లావుపాటి మైనపు కాడను, గాలి బయటికి పోవడానికి సన్నని కాడలను అమర్చుతారు. లోపలి మట్టి, బయటి మట్టి కనీసం ఒకచోటనైనా కలిసి ఉండాలి. లేదా రెండింటినీ కలుపుతూ ఇనుప మేకులు గుచ్చాలి. అట్లు చేయకపోతే మైనం కరిగిపోయిన వెంటనే లోపలి ముద్ద కదలిపోయి ఒక ప్రక్కకు ఒరుగుతుంది.

4. మట్టి పూత: ఈ కళలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. మొదటి పూత ఎంతో పలుచగా, గుడ్డలో వడగట్టిన మెత్తని మట్టితో ఉండాలి. మైనంపై ఉన్న ప్రతి గీతనూ ఇత్తడిలో దించేది ఈ తొలి పూతయే. అది పూర్తిగా ఆరిన తరువాత రెండవ పూత, దానిపై ఊక కలిపిన ముతక మట్టితో మందపు పూతలు వేస్తారు. లోపలి పొర నకలు తీస్తుంది. బయటి పొర బరువును, వేడిని మోస్తుంది. తొందరపడి తడి పొరపై మరొక పొర వేస్తే మట్టి నెర్రెలు బారుతుంది.

5. మైనం తీయుట: ఆరిన అచ్చును వేడిచేయగా మైనం కరిగి దారుల గుండా కారిపోతుంది. కొంత మట్టిలోకి ఇంకి కాలిపోతుంది. పెద్ద వస్తువుల నుండి కారిన మైనాన్ని పట్టి దాచుకుంటారు.

6. పోత: కాలి ఎర్రబడిన అచ్చును నేలలో నిలబెట్టి, మూసలో కరిగిన ఇత్తడిని నిలకడగా, ధార తెగకుండా పోస్తారు. బెంగాల్, బస్తరు ప్రాంతాలలో మరొక పద్ధతి కూడా ఉన్నది. ఇత్తడి ముక్కలున్న మట్టి గిన్నెను అచ్చుకే అతికించి, రెండింటినీ కలిపి కొలిమిలో పెట్టి, లోహం కరిగిన తరువాత తలక్రిందులు చేస్తారు. లోహం గాలి తగలకుండానే అచ్చులోకి దిగుతుంది.

7. పగులగొట్టుట: చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టి, కాడలను కోసి, ఆకురాయితో రుద్ది శుభ్రం చేస్తారు.

మైనం తూకం, ఇత్తడి తూకం

ఎంత ఇత్తడి కరిగించవలెనో ముందుగా తెలుసుకొనడం ఎట్లు? దీనికి సులభమైన లెక్క ఉన్నది. మైనం ఆక్రమించిన చోటునే ఇత్తడి ఆక్రమిస్తుంది. మైనం సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 0.96 గ్రాములు. ఇత్తడి సాంద్రత సుమారు 8.5 గ్రాములు. రెండవదానిని మొదటిదానితో భాగిస్తే 9కి కొంచెం తక్కువ వస్తుంది. అనగా 100 గ్రాముల మైనపు బొమ్మకు సుమారు 900 గ్రాముల ఇత్తడి కావాలి. కాడల మైనాన్ని కూడా ఈ తూకంలో చేర్చాలి. పోతలో కొరత రాకుండా మరికొంత లోహాన్ని అదనంగా కరిగించుకుంటారు. పాఠశాలలో చెప్పుకునే ఘనపరిమాణం, సాంద్రతల పాఠానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

మరొక విషయం. ఇత్తడి గట్టిపడి చల్లారునపుడు పొడవులో సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది. కనుక కొలతకు సరిపోవలసిన మూతలు, కడియాలు వంటివాటిని మైనంలో కొంచెం పెద్దవిగా చేయాలి.

కరిగే వేడి, గుర్తుపట్టే విధం

రాగి 1085 డిగ్రీల వద్ద, యశదం సుమారు 420 డిగ్రీల వద్ద కరుగుతాయి. వాటి మిశ్రమమైన ఇత్తడి పాళ్ళను బట్టి సుమారు 900 నుండి 960 డిగ్రీల మధ్య పూర్తిగా ద్రవమవుతుంది. యశదం 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. అందుచేత బాగా కాగిన ఇత్తడి నుండి ఆకుపచ్చ ఛాయ గల తెల్లని మంట, తెల్లని పొగ లేస్తాయి. ఉష్ణమాపకం లేని పనివానికి ఆ మంట రంగే కొలమానం. అయితే ఎక్కువసేపు కాచితే యశదం పోయి మిశ్రమం పాళ్ళు మారతాయి. మూసలో బొగ్గుపొడి గాని వెలిగారం గాని చల్లడం వలన ఈ నష్టం కొంత తగ్గుతుంది.

పోతలో వచ్చే లోపాలు

* వస్తువు సగమే నిండడం: అచ్చు చల్లబడి ఉండటం, లోహం చాలినంత కాగకపోవడం, ధార మధ్యలో తెగడం కారణాలు.
* బుడిపెలు, చిల్లులు: అచ్చులో తేమ లేదా మైనపు మసి మిగిలి ఉండటం, గాలి దారులు చాలకపోవడం కారణాలు.
* ఒక ప్రక్క మందం, మరొక ప్రక్క పలుచన: లోపలి ముద్ద కదలినదని గుర్తు.
* సన్నని రెక్కల వంటి అంచులు: బయటి మట్టి నెర్రె విచ్చి, ఆ సందులోకి లోహం పోయినదని గుర్తు.

లోపమున్న వస్తువును మరల కరిగించవచ్చును. ఇత్తడి చాలావరకు తిరిగి చేతికి వస్తుంది. అనేక దినాల చేతిపని మాత్రం తిరిగి రాదు.

కొత్తగా నేర్చుకునేవారికి

పోతపని చూడటానికి సులభం, చేయడానికి ప్రమాదకరం. పాఠశాల ప్రయోగంగా గాని, సరదాకు గాని ఇంటివద్ద ఎవరూ ఒంటరిగా చేయదగినది కాదు. మైనంతో బొమ్మ చేయుట, మట్టి పూయుట పిల్లలు కూడా నేర్వవచ్చును. కొలిమి దగ్గరి పని అనుభవజ్ఞుని సమక్షంలోనే జరగాలి. ఈ క్రింది విషయాలు తప్పక గుర్తుంచుకోవాలి.

నీరు: కరిగిన లోహానికి నీటికి బద్ధవైరం. నీరు ఆవిరిగా మారినపుడు సుమారు 1600 రెట్లు వ్యాకోచిస్తుంది. అచ్చులో చెమ్మ ఉన్నా, తడి పట్టకారును మూసలో ముంచినా, కరిగిన లోహం పిచికారీలా పైకి చిమ్ముతుంది. కనుకనే అచ్చును ఎర్రగా కాల్చిన తరువాతనే పోస్తారు. వానాకాలంలో పని మందగించడానికి కూడా ఇదే కారణం.

పొగ: యశదపు తెల్లని పొగను పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఇది సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది గాని, మరల మరల పీల్చడం మంచిది కాదు. పని ఆరుబయట, గాలికి ఎదురు లేకుండా జరగాలి.

సీసం: కొత్తవారు సులభంగా కరుగుతుందని సీసంతో ప్రయత్నించడం కద్దు. అది 327 డిగ్రీలకే కరుగుతుంది. పాత బ్యాటరీలలో, వలల గుండ్లలో దొరుకుతుంది. ఇది పొరపాటు. సీసపు ధూళి, పొగ శరీరంలో చేరి నిలిచిపోతాయి. పిల్లల మెదడు ఎదుగుదలకు అది ఎంతో హాని చేస్తుంది. సీసం విషయంలో ఇంత వరకు ఫరవాలేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. పాత ఇత్తడి కుళాయిలలో కూడా కొంత సీసం కలిసి ఉండవచ్చును. కనుక తుక్కు ఇత్తడితో పోసిన గిన్నెలను వంటకు, తినుటకు వాడరాదు.

దుస్తులు: నూలు బట్టలు, తోలు చేతితొడుగులు, కళ్ళద్దాలు, మూసిన చెప్పులు అవసరం. కృత్రిమ నూలు బట్టలు నిప్పురవ్వ పడగానే కరిగి ఒంటికి అంటుకుంటాయి.

మెరుగు, పైపూత

కొలిమి నుండి వచ్చిన ఇత్తడి నల్లగా ఉంటుంది. చింతపండు పులుసుతో తోమగా పసుపు ఛాయ వస్తుంది. పులుపులోని ఆమ్లం పైనున్న ఆక్సైడును కరిగించడమే దీనికి కారణం. గీతల లోతులలో నలుపును కొంత ఉంచి, ఎత్తు భాగాలను మాత్రమే మెరిపిస్తే అల్లిక స్పష్టంగా కనబడుతుంది. గాలి తగిలి మరల నల్లబడకుండా కొందరు పారదర్శకమైన లక్కవార్నీషు పూస్తారు.

నేడు లోహపు తలుపులకు, కుర్చీలకు పౌడర్ కోటింగ్ అను పొడిపూత వేయడం సర్వసాధారణమైనది. దీనిలో రంగుపొడికి విద్యుదావేశం ఇచ్చి చిమ్ముతారు. నేలకు కలిపిన లోహానికి ఆ పొడి అతుక్కుంటుంది. తరువాత సుమారు 180 నుండి 200 డిగ్రీల వేడిలో ఉంచగా పొడి కరిగి, గట్టి పొరగా మారుతుంది. తుప్పు పట్టే ఇనుముకు ఇది మేలైన రక్ష. డోక్రాకు మాత్రం తగినది కాదు. పొడిపూత సన్నని గీతలను పూడ్చివేస్తుంది. లోతైన సందులలోకి ఆవేశపు పొడి సరిగా చేరదు. అన్నిటికంటె ముఖ్యంగా, కొనేవాడు కోరే ఇత్తడి ఛాయ, చేతిగీత రెండూ రంగు క్రింద మరుగున పడతాయి.

ఇరుగుపొరుగు లోహకళలు

ఉత్తర తెలంగాణ లోహవిద్యలకు పుట్టినిల్లు. కరీంనగర్ వెండి తీగపని, అనగా ఫిలిగ్రీ, మిక్కిలి పేరుపొందినది. అక్కడ వెండిని సన్నని తీగగా లాగి, మెలిపెట్టి, చట్రాలలో అల్లి అతుకుతారు. ఇక్కడ మైనాన్ని తీగగా తీసి అల్లుతారు. చూపుకు రెండు అల్లికలూ దగ్గరివే అయినా ఒకటి అతుకుపని, మరొకటి పోతపని. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం మూస ఉక్కుకు ప్రసిద్ధి. ఆ ఉక్కు పశ్చిమాసియాలో కత్తుల తయారీకి ఎగుమతి అయ్యేది. జనగామ సమీపంలోని పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు దించుతారు. ఈ విధంగా తీగ, మూస, రేకు, పోత అను నాలుగు విద్యలూ ఒకే ప్రాంతంలో వర్ధిల్లాయి.

మైనపు పోత గ్రామాలకే పరిమితమైనది కాదు. 1907లో విలియం టాగర్ట్ అను అమెరికా దంతవైద్యుడు బంగారు పంటి పూరకాలను ఈ సూత్రంతో పోసే పద్ధతిని ప్రకటించాడు. నేడు విమానాల ఇంజనులలోని టర్బైను రెక్కలను కూడా మైనపు నమూనాపై పింగాణీ పూతలు పూసి పోతపోస్తున్నారు. పూత పదార్థం మారినది, కొలతలు సూక్ష్మమైనవి, సూత్రం మాత్రం ఓఝాలదే.

భౌగోళిక గుర్తింపు

భారతదేశంలో భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో ఆమోదం పొంది, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. దీని కార్యాలయం చెన్నైలో ఉన్నది. నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకొనవచ్చును. ఈ చట్టం వలన వేరొక చోట తయారైన వస్తువును 'ఆదిలాబాద్ డోక్రా' అని అమ్మడం నేరమవుతుంది. అయితే డోక్రా అను మాటపై ఎవరికీ ఏకచ్ఛత్రాధికారం లేదు. బస్తరు, బెంగాల్ డోక్రాలకు కూడా వేరువేరుగా గుర్తింపు ఉన్నది.

చేతి డోక్రాను గుర్తించడానికి కొన్ని ఆనవాళ్ళు చెప్పవచ్చును. గీతల మధ్య ఎడం అంతటా ఒకే తీరుగా ఉండదు. ఎక్కడా రెండు అచ్చులు కలిసిన అతుకుగీత కనబడదు. లోపలి భాగంలో మట్టి ఛాయలు మిగిలి ఉంటాయి. ఒకే అంగడిలో పది బొమ్మలు అచ్చు గ్రుద్దినట్లుంటే అవి యంత్రపు పోతలని అనుమానించవలెను.

నేటి పరిస్థితి

ఈ పని చేసే కుటుంబాల సంఖ్య స్వల్పం. ఇత్తడి, బొగ్గు, మైనం మూడింటినీ డబ్బిచ్చి కొనవలసి వస్తున్నది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గిన ఊళ్ళలో మెడగంటలకు గిరాకీ తగ్గినది. ఇనుప, అల్యూమినియం గంటలు చౌకగా దొరుకుతున్నాయి. నగరాల అంగళ్ళలో బొమ్మలకు ఆదరణ ఉన్నది. తెలంగాణ ప్రభుత్వ హస్తకళల సంస్థ గోల్కొండ పేరిట నడిపే విక్రయశాలలు, హస్తకళా ప్రదర్శనలు పనివారికి కొనుగోలుదారులను చూపగలవు. కాని ఒక్కొక్క బొమ్మకు పట్టే దినాలను లెక్కించి, ఆ ధర చెల్లించేవారు తక్కువ.

భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు, చేతిని కాపాడలేదు. తొలి పూత ఎంత పలుచగా ఉండాలి, అచ్చు ఏ రంగు తిరిగినపుడు పోయాలి, మంటలో ఆకుపచ్చ ఎంత చాలు అను విషయాలు పుస్తకంలో వ్రాసినంత మాత్రాన రావు. తండ్రి ప్రక్కన కూర్చున్న పిల్లవానికి ఏళ్ళ తరబడి చూడగా వస్తాయి. ఆ పిల్లవాడు కూలిపనికి గాని పట్నానికి గాని వెళ్ళిపోతే, ఒక్క తరంలోనే ఈ విద్య ఆగిపోయే ప్రమాదమున్నది. గోండు గూడేలలో దేవుని గంటకు నేటికీ ఓఝా చేతిపనియే కావాలి. ఆ అవసరం ఉన్నంత కాలం, దానికి తగిన కూలి గిట్టినంత కాలం ఈ కొలిమి ఆరదని ఆశించవచ్చును.